గొణిగేవాళ్లు కరువైన ఊరు

మా ఇంట్లో నా పేరు గొణుగుడు తాత. పెట్టింది మనవడు, ఖాయం చేసింది కోడలు. సంగటి తిన్న చేత్తో ఫోను ముట్టుకుంటావేరా అన్నా, పొద్దున ఎనిమిదికి లేచేవాడు సేద్యగాడి మనవడెట్లయితాడురా అన్నా, "మొదలుపెట్టినాడప్పా తాత" అని లోపలికి పోతారు. పోనీండి. గొణుగుడంటే చులకనగా చూసేవాళ్లకు ఒక సంగతి తెలియదు. బుద్ధుడి సంఘంలో భిక్షువులకు ఏర్పడిన నియమాల్లో ఎన్నో పుట్టింది నాలాంటివాళ్ల గొణుగుడు వల్లే.

మా సోమేనహళ్ళిలో కూర్చుని, ఆ నియమాల గ్రంథమైన వినయపిటకం గురించి మాట్లాడే ముసలాయన ఎక్కణ్ణుంచి ఊడిపడినాడని మీరడగొచ్చు. న్యాయమే. మా పక్క బౌద్ధ విహారం లేదు. గుడిబండ కొండమీద కోట ఉంది, కింద భైరసాగరం చెరువుంది, భజనల్లో కైవారం తాతయ్య తత్వాలున్నాయి. బౌద్ధం సంగతి నాకు తెలిసింది బెంగళూరులో. వయసులో ఉన్నప్పుడు అక్కడొక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. గాంధీనగర్‌లో సినిమా టాకీసులు, లాడ్జిలు, బస్సుల రొద, వీటన్నిటి నడుమ మహాబోధి సొసైటీ. ఆచార్య బుద్ధరక్ఖిత 1956లో మొదలుపెట్టినది. మణిపూర్‌లో పుట్టిన మనిషి, బెంగళూరులో స్థిరపడి, ఎక్కడెక్కడి పిల్లల్నో చేరదీసి శ్రామణేరులుగా, అంటే బాలభిక్షువులుగా, తయారుచేసినాడు. సాయంత్రాలు అక్కడ చెట్టు కింద కూర్చుంటే పైసా ఖర్చు లేదు. పుస్తకాలు ఇచ్చేవాళ్లు. ప్రూఫులు దిద్దే కళ్లు కదా, ఏది దొరికినా అక్షరం వదలకుండా చదివినాను.

అప్పుడు కంటబడింది ఈ గొణుగుడు. వినయపిటకంలో నియమం వెనక నియమానికి ఒకటే వరస. ఒక భిక్షువు ఏదో చేస్తాడు. ఊళ్లోవాళ్లు చూస్తారు. "ఇదేందబ్బా, శాక్యపుత్రుడి శిష్యులమని చెప్పుకుంటూ, సంసారుల మాదిరి ఈ పని చేస్తారా" అని సణుగుతారు, నొచ్చుకుంటారు, నలుగురికీ చెప్తారు. ఆ మాట మంచి భిక్షువుల చెవిన పడుతుంది, వాళ్లనుంచి బుద్ధుడి దగ్గరికి పోతుంది. ఆయన అందరినీ పిలిపించి, నిజమేనా అని అడిగి, నియమం పెడతాడు. తప్పు జరగకముందే నియమాల పుస్తకం రాసుకుని కూర్చోలేదు. ఊరు గొణిగింది, సంఘం దిద్దుకుంది. అట్లా పోగై పోగై థేరవాద నియమావళి పాతిమోక్ఖంలో భిక్షువులకు 227, భిక్షుణులకు 311 అయినాయి.

వర్షావాసం సంగతే తీసుకోండి. వానకాలం మూడు నెలలు భిక్షువులు ఒక్కచోటే ఉండాలన్నది ఎందుకు వచ్చింది? ధ్యానానికని పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. అసలు కారణం జనం గొణగడం. వానల్లో కూడా వీళ్లు తిరుగుతూ పచ్చని మొలకలు తొక్కుతున్నారు, చిన్న చిన్న పురుగుల్ని చంపుతున్నారు, చెట్ల మీద పిట్టలు కూడా గూడు కట్టుకుని ఒకచోట ఉంటాయే అన్నారు. ఎవరన్నారో పేరు లేదు. విత్తనం వేసి మొలక కోసం ఆకాశం వైపు చూసే ఎవడో సేద్యగాడే అయ్యుంటాడని నా నమ్మకం. మా పక్క రాగి, శనక్కాయ వేసేవాణ్ణి అడగండి, మొలకెత్తిన చేన్లో ఎవడన్నా అడ్డంగా నడిస్తే వాడి నోట్లోనుంచి ఏమొస్తుందో.

ఇప్పుడు మా ఊళ్లో? వారాంతం వస్తే బెంగళూరు కుర్రాళ్లు బైకులేసుకుని ఏ గట్టు కనబడితే ఆ గట్టెక్కి ఫొటోలు. చేన్లో నడుస్తారు, చెరువులో సీసాలు వేస్తారు. ఒకరోజు నేను అడిగితే, "అంకుల్, చిల్" అన్నాడొకడు. ఆ మాటకు అర్థం మనవణ్ణి అడిగి తెలుసుకున్నాను. చెప్పేటప్పుడు వాడూ నవ్వినాడు.

స్నానం నియమం ఇంకా బాగుంటుంది. రాజగృహంలో వేడినీళ్ల బుగ్గ ఉంది, తపోద అంటారు. బింబిసార మహారాజు తలస్నానానికి వచ్చినాడు. భిక్షువులు స్నానం చేస్తున్నారని మర్యాదగా ఒక పక్కన నిలబడినాడు. వీళ్లు చేస్తూనే ఉన్నారు, పొద్దుగూకింది. రాజు స్నానం ముగించుకునేసరికి కోట తలుపులు మూసేసినారు, ఆ రాత్రి బయటే గడిపినాడు. అంతే, పక్షానికి ఒకసారే స్నానం అని నియమం. తరవాత ఎండాకాలానికి, జబ్బుకి, పనిచేసి మట్టి కొట్టుకున్నవాడికి, ప్రయాణానికి, గాలివానకి సడలింపులు. చూడండి, నీళ్లు అందరివీ అయినప్పుడు రాజైనా భిక్షువైనా లెక్క ఒకటే. మా రోజుల్లో చెరువు నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు తూము నీళ్లన్నది ఆయన మాట. పెద్ద గౌడైనా ఎదురు చెప్పేవాడు కాదు. ఇప్పుడు ఎవడి చేన్లో వాడు బోరు వేసుకుంటాడు. వెయ్యి అడుగులు దాటినా తడి తగలదు, తగిలితే ఫ్లోరైడ్. పక్కవాడిని అడిగే పని లేదు, పక్కవాడు అడిగే హక్కూ లేదు. మా జిల్లా పొడుగునా ఇదే కథ.

ఇక తిండి. సేఖియాలని 75 చిన్న చిన్న నియమాలుంటాయి, వాటిలో ముప్పై అన్నం దగ్గర మర్యాదలే. చప్‌చప్‌మని శబ్దం చేస్తూ తినకూడదు. సుర్‌సుర్‌మని జుర్రకూడదు. చెయ్యి నాకకూడదు. మెతుకులు చల్లకూడదు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదు. పక్కవాడి పాత్రలోకి తప్పులు వెతుకుతూ చూడకూడదు. పాత్ర కడిగిన మెతుకుల నీళ్లు ఇళ్ల మధ్య పారబోయకూడదు. నిర్వాణం కోసం ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు ఇవన్నీ చెప్పాల్సి వచ్చిందంటే, అప్పటి కుర్రాళ్లూ మా వాడి మాదిరే ఉండేవాళ్లని తెలిసిపోతోంది. ఉప్పుసారు జుర్రడం మాత్రం నేను మానలేదు. అది నోటితో జుర్రితేనే రుచి. ఆ ఒక్క నియమం పెట్టినవాళ్లు మా పక్క భోంచేసి ఉండరు.

పెళ్లిళ్లలో చూడండి. మా రోజుల్లో చావడి ముందు చాపలేసి పంక్తి కూర్చుంటే, పెద్దలు విస్తరి మడిచేదాకా పిల్లోడు లేచేవాడు కాదు. వడ్డించేవాళ్లు ఊళ్లోవాళ్లే, కాబట్టి ఎవడు పారేసినాడో అందరికీ తెలుసు. ఇప్పుడు బఫే. పళ్లెం నిండా పెట్టుకుని, సగం తిని, తొట్టిలో వేసి పోతారు. ఎవరు వేసినారో తెలియదు. వడ్డించేది కాంట్రాక్టు కుర్రాళ్లు, వాళ్లకెందుకు? అనడానికి ఎవరికీ పని లేకుండా చేసినాం.

మొన్న మా మనవడు హైదరాబాద్‌లో పదిరోజుల విపశ్యన ధ్యానానికి పోయి వచ్చినాడు. మంచిదే, కాదనను. గోయెంకా గారి పద్ధతి, 1976నుంచి అక్కడ ధమ్మఖేత్తలో నడుస్తోంది. తెల్లవారి నాలుగుకు గంట, ఫోను అప్పజెప్పాలి, మాట్లాడకూడదు, దుడ్డు అడగరు. మా వాడు నాలుగుకు లేచినాడంటేనే నాకు సగం నిర్వాణం. అయితే వచ్చినప్పటినుంచి ఒకటే పాట: "మౌనం గొప్పది తాతా. నువ్వూ పదిరోజులు నోరు మూసుకుని చూడు." ఈ సలహా వెనక కోడలి చెయ్యి ఉందని నా అనుమానం.

వాడికి నేను చెప్పిన కథ ఇది. కోసల దేశంలో కొందరు భిక్షువులు, స్నేహితులే, ఒకచోట వర్షావాసం ఉన్నారు. గొడవలు లేకుండా మూడు నెలలు గడవాలంటే ఎట్లా? అసలు మాట్లాడుకోకుండా ఉంటే సరి అనుకున్నారు. భిక్షనుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు వేస్తాడు, కాళ్లు కడగడానికి నీళ్లు పెడతాడు. చివర వచ్చినవాడు మిగిలింది తిని, అన్నీ సర్ది, ఊడ్చి పెడతాడు. కుండ ఖాళీగా కనబడినవాడు నింపుతాడు. ఒక్కడివల్ల కాకపోతే చేత్తో సైగ చేసి ఇంకొకణ్ణి పిలుస్తాడు. నోరు మాత్రం విప్పరు. మూడు నెలలు ఒక్క మాట లేదు, ఒక్క తగువు లేదు. గొప్పగా ఉన్నామని శ్రావస్తికి పోయి బుద్ధుడికి చెప్పుకున్నారు. ఆయన మెచ్చుకుంటాడనుకున్నారు పాపం. పశువుల మాదిరి బతికినారు, గొర్రెల మాదిరి బతికినారు, పగవాళ్ల మాదిరి బతికినారు, పైగా సుఖంగా ఉన్నామంటారా అని తిట్టినాడు. తిట్టి ఊరుకోలేదు. వర్షావాసం ముగిసే రోజు పవారణ అని ఒక కార్యం పెట్టినాడు. పెద్దవాడు మొదలుకుని ఒక్కొక్కరు చేతులు జోడించి, గొంతుక్కూర్చుని అడగాలి: నాలో మీరు చూసింది గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ ఉంటే దయతో చెప్పండి, తెలిస్తే దిద్దుకుంటాను అని. మూడుసార్లు అడగాలి.

పెద్దవాడే ముందడగాలన్నది గమనించండి. మా కాలంలో కూడా అది లేదు, ఒప్పుకోవాలి. రచ్చకట్ట మీద పెద్దలు చిన్నవాళ్లను అన్నారేగానీ, మాలో తప్పేముందో చెప్పండప్పా అని ఏ పెద్ద అడగలేదు. అడిగుంటే ఆ రచ్చకట్ట ఇంకా నిలబడేదేమో. ఇప్పుడక్కడ ఏటీఎం ఉంది.

మౌనం శిక్షణలో ఒక భాగం, పదిరోజులకు మంచి మందు. కానీ నలుగురు కలిసి బతికే చోట నోరు మూసుకోవడం క్రమశిక్షణ కాదు, తప్పించుకోవడం. మా ఇంట్లోనే చూస్తున్నా కదా. నలుగురం నాలుగు ఫోన్ల ముందు కూర్చుంటాం. తగువు లేదు. "ఎవరిష్టం వాళ్లది మామా" అంటుంది కోడలు. ఆ కోసల భిక్షువులు కనీసం ఖాళీ కుండ కనబడితే నింపేవాళ్లు. మా ఇంట్లో అదీ లేదు.

ఈ కాలం తల్లిదండ్రుల గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. పిల్లోడికి కష్టం తగలకుండా చదువెట్లా, జీతమెట్లా అని ఒకటే ఆలోచన. కోచింగు చేర్పిస్తారు, హాస్టల్లో భోజనం బాగలేదని ఫోన్లు చేస్తారు. ఇదీ కొత్తది కాదని వినయపిటకం చదివితే తెలిసింది. రాజగృహంలో ఉపాలి అనే పిల్లవాడి తల్లిదండ్రులు ఇట్లే లెక్కేసినారు. రాతపని నేర్పిస్తే వేళ్లు నొప్పులు పుడతాయి. లెక్కలు నేర్పిస్తే గుండె నొస్తుంది. నాణేల పని నేర్పిస్తే కళ్లు నొస్తాయి. ఈ భిక్షువులు చూడబోతే మంచి తిండి తిని, గాలి తగలని చోట పడుకుంటున్నారు, వీణ్ణి అక్కడ చేర్చితే పోలేదా! ఉపాలి ఈ మాట విని తన జతగాళ్లకు చెప్పినాడు. పదిహేడుమంది పిల్లలు కలిసి పోయి సన్యాసం పుచ్చుకున్నారు. రాత్రి తెల్లవారకముందే లేచి గంజి కావాలి, అన్నం కావాలి అని ఏడుపు. భిక్షువులు తెల్లవారనీండ్రా అని సముదాయించలేక చచ్చినారు. ఆ ఏడుపు విని బుద్ధుడు, ఇరవై ఏళ్లు నిండనివాడికి ఉపసంపద, అంటే పూర్తి భిక్షు దీక్ష, ఇవ్వరాదన్నాడు. ఆకలి, దప్పిక, ఎండ, దోమ, తిట్టు ఓర్చుకునే వయసు ఇరవై అని ఆయన లెక్క. మా కోడలి లెక్కలో ఆ వయసు ఇంకా రాలేదు, మా వాడికి ఇరవైనాలుగు.

ఉపసంపద అయినా వదిలేయలేదు. కనీసం ఐదేళ్లు గురువు కింద ఉండాలి. ఆ గురువు పదేళ్లు దాటిన భిక్షువై ఉండాలి. శిష్యుడు ముందు లేచి గురువుకు పళ్లపుల్ల, నీళ్లు ఇవ్వాలి, గంజి పెట్టాలి, పాత్ర కడగాలి, గది ఊడ్వాలి, మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రాకూడదు. ఇంతవరకు విని మా మనవడు, "అది వెట్టిచాకిరీ తాతా" అన్నాడు. తొందరపడినాడు. గురువు తప్పు మాటలోకి దిగుతుంటే ఆపాల్సింది ఆ శిష్యుడే. శిష్యుడికి జబ్బు చేస్తే అదే పళ్లపుల్ల, అవే నీళ్లు, అదే గంజి గురువు ఇవ్వాలి, గది ఊడ్వాలి. ఒక భిక్షువు అతిసారంతో తన మలంలోనే పడి ఉంటే, వీడు ఎవరికీ ఏ సాయమూ చేయడు అని మిగతావాళ్లు పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్లు పోస్తే, ఆయన వెంట ఉండే శిష్యుడు ఆనందుడు కడిగినాడు. తల వైపు ఆయన పట్టుకుని, కాళ్ల వైపు ఈయన పట్టుకుని మంచం మీద పడుకోబెట్టినారు. మీకు అమ్మా లేదు నాన్నా లేడు, మీలో మీరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని ఆ తరవాత అందరినీ కూర్చోబెట్టి అడిగినాడు. మా ఊళ్లో ముసలివాళ్లు కొందరు కొడుకులు బెంగళూరులో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉన్నారు. నెలనెలా దుడ్డు వస్తుంది. నీళ్లు పోసేవాళ్లు రారు.

పెద్దల్ని చూసుకోవాలన్న మాట మన పక్క రాళ్ల మీదే ఉంది. చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో, ఇటు గుత్తి పక్క ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. బ్రహ్మగిరి శాసనాన్ని రైస్ దొర 1892లో వెలికితీసినాడు. అశోకుడు అందులో, తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి, శిష్యుడు ఆచార్యుణ్ణి గౌరవించాలి అని రాయించి, ఇది పూర్వంనుంచి ఉన్న పద్ధతి అని చివర తగిలించినాడు. రెండువేల రెండువందల ఏళ్లకు పైబడిన మాట. అప్పటికే అది పాతకాలపు పద్ధతి! అంటే అశోకుడు కూడా మా రోజుల్లో అన్నవాడే, కాకపోతే రాయి మీద చెక్కించుకున్నాడు. నాకు ఆ సదుపాయం లేదు.

గొణుగుడుకు బలం ఎక్కడిదో కౌశాంబి గొడవలో తెలుస్తుంది. మరుగుదొడ్డిలో చెంబులో ఒకడు నీళ్లు మిగిల్చి వచ్చినాడన్న దగ్గర మొదలై, సంఘం రెండుగా చీలింది. బుద్ధుడు నచ్చజెప్పినా వినలేదు. ఆయన విసిగిపోయి పారిలేయ్యక అడవికి వెళ్లిపోయినాడు. అప్పుడు కౌశాంబి ఊరివాళ్లు ఏం చేసినారంటే, ఆ భిక్షువులకు నమస్కారం మానేసినారు, లేచి నిలబడటం మానేసినారు, భిక్ష వేయడం మానేసినారు. కడుపు కాలింది. బుద్ధి వచ్చింది. అప్పటికి బుద్ధుడున్న శ్రావస్తికి పోయి రాజీపడినారు. బుద్ధుడి వల్ల కానిది పిడికెడు అన్నం వల్ల అయింది.

అన్నం రోజూ ఊరినుంచి రావాలి, దాచుకోకూడదు, దుడ్డు ముట్టకూడదు అన్న నియమాల లోతు అదే. బుద్ధుడు పోయిన నూరేళ్లకు వైశాలిలో వజ్జి భిక్షువులు ఉపోసథమనే వ్రతదినాన కంచు పాత్రలో నీళ్లు పోసి, సంఘానికి కార్షాపణ నాణేలు వేయండని జనాన్ని అడిగినారు. యశుడనే భిక్షువు వేయొద్దని అడ్డంపడినాడు. వచ్చింది తలా ఇంత పంచి ఆయన వాటా ఇవ్వబోతే తీసుకోలేదు. పైగా జనానికి క్షమాపణ చెప్పమని ఆయనకే శిక్ష వేసినారు. ఆయన పోయి క్షమాపణకు బదులు నియమం ఏమిటో జనానికి విడమరిచి చెప్పినాడు. చివరికి 700 మంది సమావేశమై తీర్పు చెప్పాల్సి వచ్చింది. కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా అన్నది కూడా అప్పటి తగువుల్లో ఒకటి. ఉప్పుకేంలే అనుకుంటాం. ఉప్పు దాచినవాడు రేపు బియ్యం దాస్తాడు, బియ్యం ఉన్నవాడికి ఊరివాడి మాటతో పనేముంది?

తరవాతి కాలంలో దుడ్డే నిలవ పెట్టినారు. నాసిక్ గుహలో ఉషవదాతుడనే దాత శాసనం ఉంది. 3,000 కార్షాపణాలు నేతగాళ్ల శ్రేణుల దగ్గర డిపాజిట్ చేసినాడు. అందులో 2,000కు నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఆ వడ్డీతో, గుహలో వర్షావాసం ఉండే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున బట్టల డబ్బు. లెక్క సరిపోతుంది, నేను వేసి చూసినాను. దానం గొప్పదే. కానీ ఆ గుహలో భిక్షువు మొలకలు తొక్కితే ఊరివాడి గొణుగుడు ఎవడు వింటాడు? ఫిక్స్‌డ్ డిపాజిట్ గొణగదు.

తప్పును ముఖం మీదే అడిగే మఠం కూడా చూసినాను. ఒకసారి బైలకుప్పకు పోయినాను. టిబెట్ వాళ్లకు మన మైసూరు సర్కారు 1960లో ఇచ్చిన భూమి. సెరా మఠంలో వందలమంది కుర్రాళ్లు వాదం చేస్తున్నారు. అడిగేవాడు నిలబడి ఎడమకాలు నేలకేసి కొట్టి చప్పట్లు చరుస్తాడు, జవాబు చెప్పేవాడు కూర్చుని ఉంటాడు. తప్పు చెబితే అందరి ముందూ పరువు పోతుంది. క్రమశిక్షణ చూసుకోవడానికి గేకో అని ఒకాయన ఉంటాడు, ఆయన అటు వస్తే ఇటు గొంతులు పెరుగుతాయి. వాళ్లది మూలసర్వాస్తివాద వినయం, 253 నియమాలు. అక్కడ నాకు నచ్చింది ఆ రొద. పక్కనే నామ్‌డ్రోలింగ్ బంగారు గుడిలో పర్యాటకులు మాత్రం ప్రార్థన చేసుకుంటున్న బాలభిక్షువు పక్కన తల పెట్టి సెల్ఫీలు. ఎవరూ ఏమీ అనలేదు. నేనన్నాను. చిల్ అనలేదు గానీ అట్లాగే చూసినారు.

నా మాటలన్నీ విని మా మనవడు ఒక దెబ్బ కొట్టినాడు. "ఇన్ని నియమాలు పెట్టినారు కదా తాతా, బాగుపడినారా?" అని. నిజానికి ఈ ప్రశ్న పెద్ద శిష్యుడు మహాకాశ్యపుడే బుద్ధుణ్ణి అడిగినాడు: ముందు నియమాలు తక్కువ, అర్హతులు అంటే ముక్తి పొందినవాళ్లు ఎక్కువ, ఇప్పుడు నియమాలు ఎక్కువ, అర్హతులు తక్కువ, ఎందుకని? మనుషులు దిగజారుతూ, ధర్మం కనుమరుగవుతుంటే అట్లే అవుతుందన్నాడాయన. బుద్ధుడు బతికుండగానే మా రోజుల్లో అన్న మాట అనగలిగిన కాశ్యపుడంటే నాకు గౌరవం.

ఆ కాశ్యపుడే ఒకసారి ఆనందుణ్ణి పట్టుకున్నాడు. ఆనందుడు దక్షిణగిరిలో శిష్యుల్ని వెంటేసుకుని తిరిగి వచ్చినాడు. వాళ్లలో ముప్పైమంది, ఎక్కువగా కుర్రాళ్లు, చీవరాలు వదిలి ఇళ్లకు పోయినారు. ఇంద్రియాల మీద అదుపు లేని, తిండికి మితం తెలియని ఈ కుర్రాళ్లతో ఎందుకు తిరుగుతున్నావు, పైరు పాడుచేస్తూ తిరుగుతున్నట్టుంది, నీ హద్దు నీకు తెలియదు పిల్లోడా అన్నాడు కాశ్యపుడు. ఆనందుడు, అయ్యా, నా తల మీద వెంట్రుకలు నెరిసినాయి, ఇంకా పిల్లోడనడం మీరు మానరా అన్నాడు. ఈ మాట థుల్లనంద అనే భిక్షుణి చెవిన పడింది. ఒకప్పుడు వేరే మతంలో ఉండి వచ్చిన ఈ కాశ్యపుడు మా ఆనందుణ్ణి పిల్లోడంటాడా అని ఆమె గొణిగింది. మా కోడలికి ఈ కథ చెబితే, మొత్తంలో ఆమెకు నచ్చింది థుల్లనంద ఒక్కతే.